పెద్దమ్మ గుండు మీద రంగు

నాకు కోపం ఆలస్యంగా వస్తుందని మా ఇంటామె నలుగురిలో చెప్పి నవ్వేది. ఇవాళ కూర మాడితే ఎల్లుండి అరుస్తాడు అనేది. ఇప్పుడు ఆ మాట అనడం మానేసింది. నల్లమల అడవిలో ఒక గుండు ఉంది, ఇంటంత బండరాయి. దాని సంగతి ఎవరు ఎత్తినా అప్పటికప్పుడే అరిచేస్తాను. ఆ కోపంలో సగం నా మీద నాకే. మిగతా సగం ఎవరి మీదో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నేను హాలియాలో బోర్డులు రాసేవాణ్ణి. కిరాణా దుకాణాలు, ఎరువుల కొట్లు, వడ్ల మిల్లులు, ఎలక్షన్లప్పుడు గోడలు. సుద్ద పూసిన దారం గోడకు బిగించి లాగి వదిలితే గీత పడుతుంది. కింద ఒకటి, పైన ఒకటి. ఆ రెండింటి మధ్య అక్షరాన్ని నిలబెట్టడం ఇరవై ఏళ్ల పని. ‘శ్రీ’ రాయడంలో నాకొక పద్ధతి ఉండేది. దాన్ని చూసి ఇది ఎవరి చెయ్యో మిర్యాలగూడ దాకా గుర్తుపట్టేవారు. తర్వాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. గంటలో బోర్డు, దాని మీద ఫోటో, ఫోటో వెనక సూర్యుడు. నా డబ్బాలు అటక మీదికి పోయాయి. నేను మోటారు బండ్ల నంబరు ప్లేట్లు రాసుకుంటూ బస్టాండు పక్కన కూర్చున్నాను.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు మా బిడ్డకు జ్వరం వచ్చి దేవరకొండ దవాఖానలో తొమ్మిది రోజులు పడుకుంది. అప్పుడు మా ఇంటామె నల్లమల పెద్దమ్మకు మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే నడిచి వచ్చి నీళ్లు పోస్తానని. ఆ పెద్దమ్మ ఎవరో, ఎక్కడుంటుందో నాకు తెలియదు. మా ఇంటామె పుట్టిల్లు డిండి దగ్గర, వాళ్లకు తెలుసు.

ఆ చోటికి ఏడాదిలో నాలుగైదు రోజులే దారి తెరుస్తారు. చైత్ర పున్నమికి. మిగతా రోజుల్లో అది పులుల అడవి, మనుషులను పోనివ్వరు. బిడ్డను మా అక్క దగ్గర వదిలి, అచ్చంపేట మీదుగా పోయి, మన్ననూరు దాటాక జీపు దిగి నడిచాము. రెండు గంటలు చదునుగా నడక. ఆకు రాల్చిన టేకు చెట్లు, తునికి పొదలు, కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడు. తర్వాత లోయలోకి దిగుడు. ఎర్రటి రాయి పలకలు పలకలుగా, ఎవరో పేర్చి పెట్టినట్టు, ఒక మనిషి పట్టేంత సందులో మెలికలు తిరిగిన దారి. పట్టుకోవడానికి వెదురు బొంగులు కట్టారు. దిగేవాళ్లు “వస్తున్నం తల్లీ” అంటారు, ఎదురుగా ఎక్కేవాళ్లు “పోయొస్తం తల్లీ” అంటారు. రెండు మాటలూ రాళ్లకు తగిలి తిరిగి వచ్చేవి.

చివరి మలుపులో నల్లమద్ది చెట్టు ఉంది. దాని కింద ఒక ముసలామె కూర్చుని ఉంది. చెంచు ఆడమనిషి. నుదుటి మీద పచ్చబొట్టు, చేతిలో ఇప్పపూల గంప. ఆ లోయకు పైన ఉన్న చెంచుల గూడెం ఆమెది. పెద్దమ్మకు నీళ్లు పోసి దీపం పెట్టే పని ఆమె అత్త దగ్గరి నుంచి ఆమెకు వచ్చిందట. మేము తలలు వంచుకుని దిగిపోతుంటే ఆమె కర్ర అడ్డం పెట్టింది.

“ఉరుకుతున్నరేంది బిడ్డా? గీడ నిలవడుండ్రి. గిప్పుడు సూడుండ్రి.”

చూశాము. ఎదురుగా వాగు అవతల ఒక పెద్ద గుండు, దానికి ఆనుకుని రెండు చిన్న గుండ్లు. రాళ్లే. నేను రాళ్లనే చూశాను. మా ఇంటామె మాత్రం ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది.

“మొఖం” అంది.

అప్పుడు కనబడింది. పెద్ద గుండు మీద రెండు పళ్లేలంత నారింజ రంగు మచ్చలు. అవి కండ్లు. నడుమ పైనుంచి కిందికి రాయి ఉబ్బు ముక్కు. దాని కింద కొంచెం వంకరగా ఒక పగులు, ఆ పగులు నుంచి నీళ్లు ఊరుతూ గడ్డం మీదికి జారుతున్నాయి. నవ్వుతున్నదో, ఏదో చెప్పబోయి ఆగిందో తెలియదు. పక్కనున్న రెండు గుండ్లు ఆమె పిల్లలని ముసలమ్మ చెప్పింది. వేటకు పోయిన మొగుడు లింగమయ్య కోసం పిల్లలతో వాగు ఒడ్డున నిలబడి ఎదురుచూసి చూసి రాయి అయిపోయిందట.

నాకు దేవుళ్ల పిచ్చి లేదు. కానీ మొఖాలు గీసినవాణ్ణి. సినిమా బ్యానర్లకు, గుడి గోడలకు, నాయకుల బొమ్మలకు ఎన్ని కండ్లు దిద్దానో లెక్క లేదు. ఏ మనిషీ చెయ్యి పెట్టకుండా ఆ చూపు ఎట్లా వచ్చిందో నాకు అంతు చిక్కలేదు. దగ్గరికి పోయి చూస్తే కండ్లు లేవు, ముక్కు లేదు. ఆ నారింజ మచ్చలు రాతిపువ్వు జాతి. కూరల్లో మసాలాకు వేస్తామే, అట్లాంటిదే రాతికి పట్టి పెరిగింది. దగ్గర నుంచి రాయి, మద్దిచెట్టు కింది నుంచి అమ్మ. మూడుసార్లు అటూ ఇటూ నడిచి చూశాను. ముసలమ్మ నా అవస్థ చూసి నోరారా నవ్వింది.

“ఎంత దగ్గరికి పోతే అంత కానరాదు బిడ్డా. గామె గంతే.”

మా ఇంటామె వాగు నీళ్లు చెంబుతో తెచ్చి రాయి మీద పోసింది. ముసలమ్మ మాకు పుట్టతేనె ఇచ్చింది. ఇంటికి వచ్చి వారం రోజులు నేను ఆ మొఖాన్ని కాగితం మీద దించాలని చూశాను. రాలేదు.

తర్వాత మూడేళ్లకో నాలుగేళ్లకో, నేను నంబరు ప్లేటు రాస్తుండగా తెల్ల చొక్కా మనిషి ఒకడు కారు దిగి నా ముందు నిలబడ్డాడు. షాద్‌నగర్ చుట్టుపక్కల ప్లాట్లు కొట్టి అమ్మి పెద్దవాడైనవాడు. మంచిగా మాట్లాడాడు. అది నాకు ఇప్పటికీ గుర్తుంటుంది, అతను మంచిగానే మాట్లాడాడు.

“మా బామ్మర్ది ఊరు మీ హాలియానే. గా మిల్లు గోడ మీద నీ రాత సూసిన. పదేండ్లాయె గద, ఒక్క అక్షరం చెదరలే. గసొంటి చెయ్యి గావాలె నాకు. నల్లమలల పెద్దమ్మ గుండు ఉన్నది. జాతరకు మస్తు మంది వస్తున్నరు గని, వచ్చినోళ్లకు అమ్మ కానొస్తలేదు. రాయి కానొస్తాంది. అమ్మ మొఖం దించాలె. కండ్లు, ముక్కుపుల్ల, కుంకుమ బొట్టు. దూరంకెల్లి కొట్టొచ్చినట్టు ఉండాలె. ఫ్లెక్సీ కట్టొచ్చు గని గాలికి చినుగుతది. నీ అసొంటి ఆర్టిస్టు చెయ్యి పడితె నూరేండ్లుంటది.”

నాకు తెలుసు. అది ఏ గుండో తెలుసు, దాని మీద ఏముందో తెలుసు. వద్దనాల్సిన మాట నోటి దాకా వచ్చి ఉండాలి. రాలేదు. ఎన్నో ఏళ్లకు ఒక మనిషి నన్ను ఆర్టిస్టు అన్నాడు. నూరేండ్లుంటది అన్నాడు. నేను లేచి చేతులు తుడుచుకుని “ఎప్పుడు రమ్మంటరు సార్?” అన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మా ఇంటామెకు అబద్ధం చెప్పాను. అడవిలో జాతర దారికి బోర్డులు రాయాలట అన్నాను. ఆమె ముఖం విప్పారింది. “అయితె నేను గూడ వస్త. అమ్మకు నీళ్లు పోసి ఎన్నేండ్లాయె” అంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. కాబట్టి రమ్మన్నాను.

జాతరకు మూడు రోజుల ముందు కమిటీ వాళ్లతో కలిసి దిగాము. కమిటీ అంటే ఆ తెల్ల చొక్కా సేటు, అతని వెనక తిరిగే ఏడెనిమిది మంది. వాళ్లకు లోపలికి పోనిచ్చే అనుమతి ఎట్లా దొరికిందో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ సందుల్లో ఒక మనిషి నెత్తి మీద ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకుని దిగాడు, సేటు కూర్చోవడానికి. రెండుసార్లు ఆ కుర్చీ కాలు రాతి సందులో ఇరుక్కుంది. వెనకున్నవాళ్లందరం ఆగి, దాన్ని తిప్పి తిప్పి బయటికి లాగేదాకా నిలబడ్డాము. నాకు అప్పుడే కోపం రావాల్సింది.

మా ఇంటామెకు మోకాలు నొప్పి. నువ్వు మెల్లగా రా అని చెప్పి నేను ముందుకు నడిచాను. నిజానికి ఆమె వచ్చేలోపు పని మొదలుపెడితే ఆపలేదు కదా అనుకున్నాను. మద్దిచెట్టు దగ్గర నేను తల ఎత్తలేదు. వాగు దాటి తిన్నగా గుండు దగ్గరికి పోయి వెదురు నిచ్చెన వేయించుకున్నాను.

రాయి మీద రంగు పట్టాలంటే ముందు పాచి గీకాలి. ఇనుప పోగుల బ్రష్షు తీసుకుని ఎడమ వైపు మచ్చ మీద పెట్టాను. రాయి మీద ఇనుము గీరితే పళ్లు జివ్వుమంటాయి. నారింజ పొడి నా ముంజేతి మీద, చొక్కా మీద, నోట్లో. కమ్మగా, కాస్త వగరుగా ఉంది. అయిదు నిమిషాలు పట్టిందేమో. కింద తెల్లటి రాయి బయటపడింది, గాయం మీద చెక్కు లేచినట్టు.

అప్పుడు వాగు అవతల నుంచి కేక వినబడింది.

మా ఇంటామె మద్దిచెట్టు కింద నిలబడి ఉంది. సరిగ్గా ముసలమ్మ మమ్మల్ని నిలబెట్టిన చోటే. చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చింది. నిచ్చెన పట్టుకుని ఊపింది.

“దిగు. ముందుగాల దిగు! ఏం జేస్తున్నవు నువ్వు? కన్ను తీసినవు. అమ్మ కన్ను తీసినవు!”

“రంగేసినంక మంచిగుంటది” అన్నాను. నిజంగా అదే మాట అన్నాను.

“మన బిడ్డకు మొక్కిన జాగా ఇది. బోర్డులు రాస్తనని తోలుకొచ్చి నా కండ్ల ముంగట గిది జేస్తవా? నీకు సోయి ఉన్నదా?”

సేటు కుర్చీలో నుంచి “ఏందమ్మా, ఏమైంది?” అన్నాడు. ఆమె అతని వైపు తిరగను కూడా లేదు. ఆ అలికిడికి పై దారి నుంచి ముసలమ్మ దిగి వచ్చింది. ఆమె అరవలేదు. రాయి మొదట్లో కూర్చుని, రాలిపడిన నారింజ పొడిని రెండు చేతులతో దగ్గరికి కూడదీసింది. పిడికెడు కూడా లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది.

“గిది మా అవ్వకు అవ్వ పుట్టకముందుకెల్లి ఉన్నది బిడ్డా. ఏడాదికి వడ్లగింజంత పెరుగుతదో లేదో. నువ్వు గడియల తీసేసినవు.”

నేను దిగాను. 

సేటు ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. “అవ్వా, మీ అమ్మకే గద సోకు జేస్తున్న. మంది వస్తరు, నీకు గూడ నాలుగు కొబ్బరికాయలు దొరుకుతయి. పట్టుచీర పెడ్త నీకు.”

“నాకు పెడ్తవో, రాయికి పెడ్తవో గది తర్వాత” అంది ఆమె. “నువ్వు నన్ను అడిగినవా? ఒక్కమాట అడిగినవా? గామె కండ్లతోనే ఉన్నది. మీకు కానరాకపోతె గామెకు కండ్లు లేనట్టా?”

అతను నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. అప్పుడు వచ్చింది నాకు కోపం. వాళ్లు నవ్వినందుకు వచ్చింది. నేను చేసినదానికి అంతకుముందే రావాల్సింది, ఆ సిగ్గు కూడా కలిసి వచ్చింది.

“నేను చెయ్య సార్” అన్నాను. “ఇంకొకన్ని గూడ చెయ్యనియ్య.”

“సగం గీకి ఇప్పుడు చెయ్య అంటవేంది? ఒంటికన్నుతోని ఉంచుదమా అమ్మను?”

అతను అన్న ఆ మాటే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది, ఎందుకంటే అందులో తప్పు లేదు. ఒంటికన్ను చేసింది నేనే. నేను గట్టిగా ఏదేదో అరిచాను. అతను నా వైపు చూడటం మానేసి ఫోను పట్టుకుని, సిగ్నలు లేక విసుక్కుంటూ ఎత్తైన రాయి ఎక్కాడు. కమిటీ వాళ్లలో ఒకడు నా భుజం మీద చెయ్యి వేసి, “పో అన్నా, గొడవెందుకు? రేపు పొద్దుగాల ఇంకొకడు వస్తడు” అన్నాడు.

మేము పైకి ఎక్కాము. సగం దూరం వచ్చాక గుర్తుకొచ్చింది, నా సామాను అక్కడే ఉండిపోయిందని. డబ్బాలు, టర్పెంటు సీసా, నా చేతికి అలవాటైన అయిదు బ్రష్షులు. వెనక్కి పోలేదు. మోకాళ్లు సహకరించలేదని చెప్పుకున్నాను. సేటు ముఖం మళ్లీ చూడలేక వెళ్లలేదు, అది నిజం. నా బ్రష్షులతోనే ఆ పని పూర్తి చేశారు.

ఆ ఏడు జాతరకు మేము పోలేదు. ఫోన్లలో ఫోటోలు తిరిగాయి. నేను చూడలేదు. మా ఇంటామె చూసి ఫోను బోర్లించి పెట్టింది. మరుసటి ఏడు చైత్రం వచ్చేసరికి ఆమే అంది, “నడువు. చేసినోడివి నువ్వు, సూడకుంట దాసుకుంటె ఎట్ల?”

పోయాము. దారి వెడల్పు చేశారు. వెదురు బొంగులు తీసి ఇనుప పైపులు పాతారు, ఎండకు కాలి పట్టుకోవడానికి వీల్లేకుండా ఉన్నాయి. నీళ్ల సీసాలు, గుట్కా కాగితాలు వాగు నిండా. మద్దిచెట్టు కింద ముసలమ్మ లేదు. అక్కడ ఎవరూ నిలబడటం లేదు, నిలబడాల్సిన అవసరం లేకుండా పోయింది. మలుపు తిరగకముందే పసుపు రంగు కళ్లలో పొడిచింది.

గుండు ముందు వైపంతా పసుపు ఎనామిల్. దాని మీద బాదంకాయల్లాంటి రెండు తెల్ల కండ్లు, నల్ల గుడ్లు, రెండూ ఒకే వైపు చూడటం లేదు. గులాబీ పెదవులు. నీళ్లు ఊరే పగులులో సిమెంటు నింపారు, రంగు నిలవాలని. నీళ్లు దారి మార్చుకుని చిన్న గుండు వెనక నుంచి కారుతున్నాయి. అమ్మ గడ్డం కింద ఎర్రటి అక్షరాలలో సేటు పేరు, అతని భార్య పేరు, అతను అమ్మే ప్లాట్ల వెంచరు పేరు. పేరు ముందు ‘శ్రీ’ నా లాగా రాయాలని చూశాడు నా బదులు వచ్చినవాడు. నా రాతను దొంగిలించాడని కూడా అనలేను, పాపం అట్లా రాయమని అతనికి చెప్పి ఉంటారు.

జనం వరుసలో పోతున్నారు. ముందు సెల్ఫీ, తర్వాత దండం. “ఎంత కళగుందో అమ్మ” అంది నా వెనకాయన భార్య. వాలంటీరు ఒకడు “జరుగుండ్రి, జరుగుండ్రి” అంటూ వీపు మీద చెయ్యి పెట్టి తోస్తున్నాడు. నన్ను తోశాడు. నేను జరగలేదు. మళ్లీ తోశాడు.

నేను అరిచాను. ఏమని మొదలుపెట్టానో గుర్తు లేదు. “తీయుండ్రి! గీ రంగు తీయుండ్రి! నా మొఖానికి గిది ఎవడు పూయమన్నడు?” అన్నానట. ‘మా అమ్మ మొఖానికి’ అనబోయి ‘నా మొఖానికి’ అన్నానో, లేక మా ఇంటామె తప్పుగా విన్నదో. ఒళ్లంతా ఊగిపోయింది. నోటి వెంట నురగ వచ్చిందని కూడా చెప్పింది ఆమె.

సెల్ఫీలు తీసుకునేవాళ్లు ఇటు తిరిగారు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, “అమ్మొచ్చింది! అమ్మొచ్చింది!”

ఎవరో నా నుదుట కుంకుమ రుద్దారు. ఎవరో నా కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోశారు. మెడలో వేపమండ పడింది. వరుస చెదిరి జనం గుండ్రంగా మూగారు. ఇందాక నన్ను తోసిన వాలంటీరు నా ముందు మోకాళ్ల మీద ఉన్నాడు.

“తల్లీ, తప్పయింది. ఏం గావాలె తల్లీ? చెప్పు, చేస్తం.”

“గీ రంగు తీయాలె” అన్నాను.

“తీస్తం తల్లీ. ఎప్పుడు తీయాలె?”

అతని కండ్లలో భయం నిజమైనది. అతని వెనక సేటు మనుషులు ఇద్దరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెంచు ముసలమ్మ అడిగితే నవ్వినవాళ్లే. నేను సేటు ముందు అరిచినప్పుడు గొడవెందుకన్నవాడు కూడా వాళ్లలో ఉన్నాడు. మనిషి చెబితే వినరు. ముసలిది చెబితే వినరు. ఊగుతూ చెబితే వింటారు. నాకు మరింత మండింది. ఆ మంటలో నోరు జారింది.

“నాకు ఏ పూనకం రాలే” అన్నాను. “నాకు కోపమొచ్చింది. నేను హాలియాల బోర్డులు రాసేటోన్ని. గీ గుండు మీద అసలు కండ్లుండె. గవి గీకింది నేనే. మీరు రంగేసి పాడు చేసిన్రు. అమ్మ కాదు, నేను చెప్తున్న, తీయుండ్రి.”

వాలంటీరు లేచి నిలబడ్డాడు. మోకాళ్లకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. అతని ముఖం మారడం నేను అంత దగ్గర నుంచి చూశాను.

“తాగొచ్చిండు” అన్నాడు ఎవరో. “నడువు నడువు, మందికి అడ్డం నిలవడకు.” నా మెడలో వేపమండ వేసినామే వచ్చి దాన్ని తీసుకుని పోయింది. వరుస మళ్లీ కలిసింది.

గుండు వెనక వైపు, రంగు అందని చోట, ముసలమ్మ కూర్చుని ఉంది. అంతా విన్నదట. ఆమె చేతిలో సిల్వరు గిన్నె, కొత్త దారిన కారుతున్న నీళ్లు పట్టి ఆ వెనక రాతికే పోస్తోంది. మమ్మల్ని చూసి కూర్చోమనలేదు.

“అమ్మొచ్చిందంటే వినిరి. ఇంకో గడియ నోరు మూసుకోకపోతివి” అంది.

“అబద్ధం ఎట్లాడుదునవ్వా?”

“నిచ్చెన ఎక్కేముందు నీ పెండ్లానికి ఆడలేదా?”

మా ఇంటామె నా వైపు చూసింది. అబద్ధం ఆడినందుకు ఒకసారి, ఆడనందుకు ఒకసారి, ఆ ఇద్దరి కోపం నా మీదే. రెండూ న్యాయమే. ఆ రోజు ఎక్కుడు దారి అంతా మా ఇంటామె అదే మాట. “జరసేపు ఊగితె నీ సొమ్మేం పోయె? రాత్రికల్లా గీకిద్దురు గద!” నాకు ఆమెతో వాదించే ఓపిక లేదు. నిజం చెప్పినందుకు గర్వపడాలో, తల బాదుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు. పుస్తకాల్లో రాసినట్టు నిజం చెబితే మనసు తేలికపడటం నాకైతే జరగలేదు.

కానీ ఆ అరుపు ఊరికే పోలేదు. అదే నాకు అన్నిటికంటే కడుపు మండే సంగతి. నేను నిజం చెప్పకముందు విన్నవాళ్లు కొందరు, విన్నంతవరకే మోసుకుని ఊళ్లకు పోయారు. పెద్దమ్మ ఒక మనిషి మీదికి వచ్చి, నా మొఖానికి రంగెవడు పూశాడని ఉగ్రరూపం చూపిందని కథ పుట్టింది. అది అచ్చంపేట దాటి, కల్వకుర్తి దాటి, షాద్‌నగర్‌లో సేటు చెవిన పడింది. అతను భయపడ్డాడట. ఆ మధ్య అతనివి రెండు ప్లాట్ల తగాదాలు కోర్టుకెక్కాయని, అది అమ్మ కోపమేనని అతని భార్య పట్టుబట్టిందని ఆ హాలియా బామ్మర్దే నాకు చెప్పాడు. పరిహారం చేయించారు. ఏం పరిహారమో అతను చెప్పలేదు. నేను మాత్రం ఆశపడ్డాను. రంగు ఊడగొట్టించి ఉంటారు, పగులులో సిమెంటు తీసి ఉంటారు అనుకున్నాను. నేను గీకిన ఎడమ కన్ను ఎట్లాగూ నా జన్మలో రాదు, కుడి కన్నయినా రంగు కింద బతికి ఉంటుందేమోనని.

మరుసటి చైత్రానికి ఇద్దరం దిగాము. మలుపు దగ్గర నేనే ముందు చూశాను.

గడ్డం కింద సేటు పేరు లేదు. దాన్ని చెరిపేశారు. పసుపు పోయి ఎరుపు వచ్చింది. కండ్లు పెద్దవి చేశారు, చుట్టూ నల్ల గీత, గుడ్లు బయటికి ఉబికి. నోట్లో నుంచి గడ్డం దాకా వేలాడే నాలుక. రెండు వైపులా కోరలు. అమ్మకు కోపమొచ్చిందని విన్నారు కదా, అందుకని కోపంగా ఉన్న అమ్మను వేయించారు. జనం అంతకుముందుకంటే రెట్టింపు ఉన్నారు.

నేను ఆ రోజు అరవలేదు. అరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఇంకో నాలుక వేస్తారు. వాగు ఒడ్డున కూర్చుండిపోయాను. మా ఇంటామె ఆ ఎర్రటి మొఖాన్ని చాలాసేపు చూసి, చెంబు తీసుకుని గుండు వెనక్కి నడిచింది. ముసలమ్మ అక్కడే ఉంది, ఇంకా వంగిపోయింది. ఇద్దరూ కలిసి వెనక రాతికి నీళ్లు పోశారు. ముసలమ్మ మనవరాలు ఒకామె ఇప్పుడు ఆమెతో వస్తోంది, చంకలో పిల్లతో. ఆ పగులు గుండు వెనక దాకా ఉంది; ఆమె ఒక మేకు పట్టుకుని అందులో దిగిన సిమెంటును వెనక వైపు నుంచి కొద్దికొద్దిగా పొడుస్తోంది. కమిటీ వాళ్లు చూడని వైపు నుంచి.

“జర పట్టు అన్నా” అని పిల్లను నా చేతికిచ్చింది. నేను పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను. ఆమె పొడిచింది. గోరంత పెచ్చు ఊడింది. తర్వాత మేకు నేను తీసుకున్నాను, పిల్లను మా ఇంటామె తీసుకుంది. వాలంటీరు వచ్చి పొమ్మనేదాకా పొడిచాను. చెయ్యి బొబ్బలెక్కింది. బొటనవేలంత సిమెంటు వచ్చింది. నీటి చుక్క ఒక్కటి కూడా రాలేదు.

ఏటా మేకు పట్టుకుని పోతున్నాము. ఏటా జాతరకు వారం ముందు వాళ్లు ఎరుపు మళ్లీ పూస్తారు.